గ్యాంగ్‌టాక్‌లో లిల్లీ కొన్నది

నవంబరు 12, మంగళవారం. గ్యాంగ్‌టాక్, లాడ్జి.

ఈ నోటుబుక్కు తెరిచినావే, నువ్వెవరు? ఎవర్ని అడిగి తెరిచినావు? నీ సంచి నేను తెరిచి చూస్తే ఊరుకుంటావా?

ఇట్ట రాసినందుకు నాకేం సిగ్గు లేదు. ఈ పొద్దున పెన్ను మధ్య పేజీలో పెట్టి మూసినాను. సాయంత్రం చూస్తే చివరి అట్ట దగ్గర ఉండాది. పెన్నుకు కాళ్ళు రావు. ఈ గదిలో ఉండేది ఇద్దరం, నేనూ లిల్లీ. గది చిమ్మే ఆమె వచ్చి పోతుంది గానీ ఆమెకు తెలుగు రాదు. తెలుగు వచ్చినవాళ్ళెవరో దేవునికి తెలుసు, నాకూ తెలుసు.

పన్నెండు రోజుల సేవ నిన్నటితో ముగిసింది. తీస్తా ఏటి పక్కన సొరంగం తవ్వే పనికి మన వైపు నుంచి పోయిన కూలీల క్యాంపు అది. తోటపల్లి గూడూరు వాళ్ళు, చిట్టమూరు వాళ్ళు, అరవై కుటుంబాల దాకా ఉండారు. ఆడవాళ్ళకు పొద్దున కూటం, పిల్లలకు సాయంత్రం పాటలు. నేను వాక్యం చెప్పినాను, లిల్లీ పాడింది, హెబ్రోను డప్పు కొట్టినాడు. తెలుగులో ప్రార్థన విని రెండేళ్ళయిందని ఒక తల్లి నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. ఐదో తరగతితో బడి మానేసి, కుట్టుమిషను మీద బైబిలు ఆనించుకొని అక్షరం అక్షరం కూడబలుక్కున్న దాన్ని. నన్ను ఇంత దూరం వాడుకున్న ప్రభువుకు స్తోత్రం.

తిరుగు రైలు పద్నాలుగున. మధ్యలో రెండు రోజులు ఖాళీ. "ఇంత దూరం వచ్చి కొండలు చూడకుండా పోతే ఊళ్ళో నవ్వుతారక్కా" అన్నాడు హెబ్రోను. కొండలు చూడ్డానికి నాకు కళ్ళెత్తితే చాలు, టిక్కెట్టు అక్కర్లేదు అన్నాను. అయినా పోయినాను. వీళ్ళిద్దరినీ ఒంటరిగా పంపించడం నాకు ఇష్టం లేదు. హెబ్రోను మంచోడే. అయినా.

ఇక్కడ పెద్దబజారు వీధిలో బండ్లు తిరగవు. నడిమధ్యన పూలకుండీలు, బెంచీలు. ఉమ్మితే జరిమానా అంట. హెబ్రోను ఎండు జున్ను ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు, ఈడ అందరూ నములుతారు. పదింటికి వేసుకున్నది పన్నెండయినా కరగలేదు.

"సొరంగం తవ్వేవాళ్ళకు దీన్ని ఇస్తే మిషన్లు అక్కర్లేదక్కా" అన్నాడు.

"మింగెయ్యన్నా" అంది లిల్లీ.

"మింగితే నన్ను కిందికి దించడానికి జీపు చాలదు, క్రేను కావాల."

లిల్లీ పగలబడి నవ్వింది. క్యాంపులో ఇట్ట నవ్వలేదు. సేవ అయిపోయినాక నవ్వు వచ్చే మనిషి, సేవ చేసేటప్పుడు మనసు ఎక్కడ పెట్టుకుంది?

పాస్టర్ కిషోర్ బాబు గారి భార్యకు ఉన్ని టోపీ కావాలంట. మా మైపాడు ఎండలో ఉన్ని టోపీ! సరే, కొన్నాం. సండేస్కూలు పిల్లలకు తాళంచెవుల గొలుసులు. ఆ పక్కనే శాలువాల అంగడి. అసలు ఉన్ని అని బోర్డు. బోర్డు రాసినోడిని నేను నమ్మను. ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతుండా. అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసినాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన, నైలాను అయితే ముద్దగా కరుగుతుంది. అంగడాయన కేకేస్తూ వచ్చినాడు.

"అక్కా, ఏం చేస్తుండావు!" అంది లిల్లీ.

"అన్నిటినీ పరీక్షించమని వాక్యం."

"అది బట్టల గురించి కాదక్కా. మీరు పోలీసా అని అడుగుతుండాడు."

"దర్జీనని చెప్పు."

ఆయనకు ఏం చెప్పిందో, హిందీలో గడగడా. రొయ్యల కంపెనీలో ఒరిస్సా ఆడపిల్లలతో పన్జేసి నేర్చుకుంది ఆ భాష. ఆయన నవ్వినాడు, ఆమె నవ్వింది. నా ముందు నా గురించే మాట్లాడుకొని నవ్వుతుంటే నాకు అర్థం కాదనుకున్నారు.

వెంట్రుక వాసనే వచ్చింది. కొనక తప్పలేదు. ఎర్రది, నల్లంచు. పాస్టరమ్మ గారికి.

తరవాత లాల్ బజారు. నాలుగంతస్తులు, కింద కూరగాయలు, పైన బట్టలు. మూడో అంతస్తులో తిరిగి చూస్తే లిల్లీ లేదు. నలభై నిమిషాలు. వచ్చినప్పుడు మొహం కడుక్కున్నట్టు ఉండాది.

"ఏడకి పోయినావు మే?"

"ఏం లేదక్కా. మిరపకాయలు చూసినా. గుండ్రంగా, చెర్రీ పండ్ల మాదిరి."

"కొన్నావా?"

"లేదు."

నలభై నిమిషాలు మిరపకాయలు చూసే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

నవంబరు 13, బుధవారం

వైరు మీద నడిచే పెట్టెలో ఎక్కించినారు. కింద ఊరంతా లోయలోకి జారిపోతున్నట్టు ఉంది. కళ్ళు మూసుకొని కీర్తన చెప్పుకున్నాను. "అక్కా, కళ్ళు తెరువు, మంచుకొండ కనబడుతుంది" అని లిల్లీ నా చెయ్యి పట్టుకుంది. తెరిచి చూసినాను. తెల్లగా, ఉతికి ఆరేసిన దుప్పటి మాదిరి. ఒక్క నిమిషం ఏమీ అనిపించలేదు, ఎవరి మీదా ఏమీ అనిపించలేదు. అంతే, దిగేసినాం.

ఈడ ఏ అంగట్లో చూసినా చేతితో తిప్పే చక్రాలు. చెక్క పిడి, పైన ఇత్తడి డబ్బా, డబ్బాకు చిన్న గొలుసు, గొలుసు చివర గుండు. మణికట్టు కొంచెం కదిపితే గుండు బరువుకి డబ్బా గిర్రున తిరుగుతుంది. ముసిలమ్మలు బెంచీల మీద కూర్చొని గంటలు గంటలు తిప్పుతుండారు. లోపల మంత్రాలు రాసిన కాయితం చుట్టి ఉంటుందని హెబ్రోను చెప్పినాడు.

"ఒక్క చుట్టు తిప్పితే ఒకసారి చదివినట్టంట అక్కా."

"చదవకుండానే?"

"చదవకుండానే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కో గుణింతానికి నేను ఎన్ని వారాలు పడినాను!

మధ్యాన్నం టీ తాగుతుంటే చెప్పులు కుట్టించుకొస్తానని లిల్లీ లేచిపోయింది. ఆమె చెప్పులు తెగలేదు. నేను చూస్తూనే ఉండా. వెనకే పోయినాను. అద్దాల తలుపుల అంగట్లో నిలబడి ఆ చక్రమొకటి చేతిలో పట్టుకొని తిప్పుతుండాది. అది పెట్టేసి ఇంకోటి. అదీ పెట్టేసి ఇంకోటి. బరువు చూసుకున్నట్టు. అంగడామె పాత పేపర్లో చుట్టి ఇచ్చింది. లిల్లీ దాన్ని సంచి అడుగున పెట్టి, పైన తువాలు కప్పింది.

మా సంఘంలో పాటలు పాడే నోరు. సంస్కారపు రొట్టె అందుకునే చెయ్యి.

గదికొచ్చి మోకాళ్ళ మీద పడినాను. ప్రభువా నువ్వే చెప్పు అని కళ్ళు మూసుకొని బైబిలు తెరిచి వేలు పెట్టినాను. యెహోషువ ఏడు. ఆకాను. శపించబడిన దాన్ని దొంగిలించి గుడారం అడుగున దాచినోడు. వాని ఒక్కని వల్ల ఇశ్రాయేలు అంతా యుద్ధంలో ఓడిపోయింది.

ఇంతకంటే స్పష్టంగా దేవుడు ఎట్ట మాట్లాడతాడు? బైబిలు ఆ చోట కొంచెం విచ్చుకొని ఉంటుంది, పోయిన నెల ఆ అధ్యాయమే బోధించినాను గాబట్టి. అయినా వేలు పెట్టింది నేను గాదు.

నవంబరు 14

జీపు. వాంతులు.

నవంబరు 16, శనివారం. రైలు.

లిల్లీ సంచి నా బెర్తు కింద. కాలితో కొంచెం కదిపినాను. గొలుసు చప్పుడు.

"అక్కా, కాళ్ళు చల్లగుండాయా? దుప్పటి ఇయ్యనా?"

"వద్దు."

మూడుసార్లు అడిగింది. తప్పు చేసినోళ్ళకు ప్రేమ ఎక్కువ.

అడగొచ్చు. పక్కనే ఉండాది, రెండు రోజుల ప్రయాణం, వేరే పని లేదు. "సంచిలో ఏంది మే?" అంటే సరిపోతుంది. కానీ అడిగితే దాచేస్తుంది. ఇంకా లోతుగా దాచేస్తుంది. అందుకని అడగలేదు. అందుకే.

నవంబరు 17, ఆదివారం. ఇల్లు.

సంఘంలో సాక్ష్యం చెప్పినాను. జనం ఏడ్చినారు. టోపీ పాస్టరమ్మ గారికి ఇచ్చినాం, ఆమె అప్పుడే తలకు పెట్టుకొని చెమట్లు కక్కుతూ కూర్చుంది. టోపీ ఒక్కటి చాలు ఆమెకు. శాలువా ఎర్రది ఆమెకు నప్పదు. నా పెట్టెలో ఉంది.

లిల్లీ పాడలేదు. గొంతు బాగలేదంది. ఆరాధన అయిన వెంటనే ఇంటికి పరిగెత్తింది. వాళ్ళ అత్త వెంకటశేషమ్మకు ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కొడుకు పెంచలకృష్ణ, లిల్లీ మొగుడు, పోయి ఆరేళ్ళు. ఇంట్లో ఇద్దరే. లిల్లీ లేని ఇన్ని రోజులూ పక్కింటోళ్ళు చూసుకున్నారు. అత్త మనలో కలవలేదు, ఆమె దేవుళ్ళు ఆమెకు. కోడల్ని మాత్రం ఏ ఆదివారమూ ఆపలేదు. అది నేను ఒప్పుకుంటా.

అత్త కోసం కొన్నదా? ఆ ముసలామెకు కొత్త విగ్రహం తెచ్చి పెట్టిందా? అయితే పాపం రెండింతలు.

నవంబరు 21

హెబ్రోను గుంటలో రొయ్యకు తెల్లమచ్చ రోగం. డెబ్బై రోజుల పంట. గట్టు మీద కాకులు.

నేను ఏమీ అనలేదు. రాసుకుంటుండా, అంతే.

నవంబరు 27, బుధవారం

వాయుగుండం. రాత్రంతా గాలి. తెల్లారి చూస్తే ప్రార్థన షెడ్డు రేకులు ఎనిమిది లేచిపోయి పక్క పొలంలో పడుండాయి. వేరే ఎవరి కప్పూ పోలేదు. (వెంకటేష్ వాళ్ళ పశువుల పాక పోయింది. పాక సంగతి వేరు.)

ఒకటి, రెండు. మూడోది ఏంది ప్రభువా? ఎవరి బిడ్డ?

నవంబరు 28

పాస్టర్ గారి దగ్గరికి పోయినాను. అంతా చెప్పినాను. చక్రం, పేపరు, తువాలు, గొలుసు చప్పుడు. ఆయన చెవి గోక్కున్నాడు.

"ఆ అమ్మాయిని ఒకసారి పిలిచి అడిగితే..."

"ఆకానును యెహోషువ ముందే పిలిచి అడిగినాడా? చీట్లు వేసినాడు. గోత్రం, వంశం, ఇల్లు, మనిషి. దేవుడే పట్టించినాడు."

"ఈ కాలంలో చీట్లు ఏందక్కా..."

"పన్నెండో అపొస్తలుడిని ఎట్ట ఎన్నుకున్నారో మీరే చెప్పండి."

ఆయన బైబిలు కాలేజీలో చదివినాడు. నేను ఐదో తరగతి. అయినా నా ముందు నోరు మెదపలేడు. కొండకు పోయినవాళ్ళం ముగ్గురం, ముగ్గురి పేర్లూ వేద్దాం, నా పేరు కూడా వేస్తా అన్నాను. ఇంతకంటే న్యాయం ఏముంది?

డిసెంబరు 1, ఆదివారం

సంస్కారపు ఆదివారం, రొట్టె, రసం పంచే రోజు. పైన రేకుల బదులు టార్పాలిన్. అది గాలికి టపటపా కొట్టుకుంటుంటే నేను నిలబడి గంటసేపు ఆకానును గురించి చెప్పినాను. ఇంత మంటగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ముగింపులో అన్నాను, మనలో ఒకరి ఇంట్లో అది ఉంది. చీట్లు వేద్దాం.

చీట్లు ఇంట్లోనే రాసి తెచ్చినాను. హెబ్రోను పేరు, నా పేరు ఈ నోటుబుక్కు చివరి కాయితం చించి రాసినాను. మూడోదానికి కాయితం చాలక గోడ కేలండరు అట్టముక్క వాడినాను. మూడూ ఒకే మాదిరి మడిచినాను. కానుకల సంచిలో వేసి పాస్టర్ గారి ముందు పెట్టినాను. ఆయన చెయ్యి పెట్టీ పెట్టగానే ఒకటి తీసినాడు. అట్టముక్క.

"లిల్లీ" అని చదివినాడు, వినీ వినబడకుండా.

దేవుడు అట్టముక్క ద్వారా కూడా మాట్లాడగలడు.

లిల్లీ నిలబడింది. ఆమె పక్కన కూర్చున్న సుభాషిణి కొంచెం పక్కకు జరిగింది.

"కొన్నావా లేదా?" అన్నాను.

"కొన్నానక్కా."

"ఇంట్లో ఉందా?"

"ఉంది."

"ఎందుకు కొన్నావు?"

"అది మా అత్త వస్తువు. ఆమె సంగతి మీటింగులో మాట్లాడను."

"తెచ్చి అందరి ముందు తగలబెట్టు. అప్పటిదాకా ప్రభువు బల్ల దగ్గరికి రాబాక."

ఆమె నా వైపే చూసింది. ఏడవలేదు. "పన్నెండు రోజులు ఒక రేకుల గదిలో పక్కపక్కన పడుకున్నాం. రెండు రోజులు ఒక బోగీలో వచ్చినాం. నన్ను అడిగుంటే చెప్పేదాన్నక్కా" అంది. చెప్పులు వేసుకొని పోయింది.

రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇచ్చినారు. నేనూ తీసుకున్నాను.

డిసెంబరు 2

దేవుని ఇల్లు శుభ్రమైంది. మనసు తేలిగ్గా ఉండాది.

డిసెంబరు 3

తేలిగ్గానే ఉండాది.

డిసెంబరు 5, గురువారం

నల్ల దారం అయిపోతే కొనడానికి ఇందుకూరుపేట పోవాల్సి వచ్చింది. లిల్లీ వాళ్ళ వీధి మీదుగా పోయినాను. కొంచెం చుట్టే, కానీ ఆ దారిలో నీళ్ళు నిలవలేదు.

వాళ్ళ వెనక వసారాకు తాటాకు దడి. ఆ దడి దగ్గర చెప్పులో ముల్లు గుచ్చుకొని నిలబడినాను.

వెంకటశేషమ్మ కుర్చీలో ఉండాది. ఆ చక్రం ఆమె కుడి చేతిలో. పడిపోయిన చేతిలో. వేళ్ళు పిడి నుంచి జారిపోకుండా లిల్లీ మెత్తటి గుడ్డతో కట్టింది. మోచేతి కింద దిండు. లిల్లీ కింద కూర్చొని లెక్కపెడుతుండాది.

"ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఆపబాక అత్తా."

"నొప్పిగా ఉండాదే."

"మణికట్టు మాత్రం తిప్పు, భుజం ఎత్తబాక. ఇరవై మూడు."

"గోవిందా అనుకుంటూ తిప్పుతా, నువ్వు లెక్క చూసుకో. నీ లెక్కతో నాకు ఊపిరాడ్డం లేదు."

"అనుకో. గోవిందా అంటే ఒకటి, మళ్ళీ అంటే రెండు. మోసం చెయ్యబాక."

"నేనా మోసం? నిన్న ముప్పై చేస్తే ఇరవై ఎనిమిదే అన్నావు గదే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. చక్రం తిరుగుతానే ఉండాది. నెమ్మదిగా, ఆగి ఆగి, కానీ తిరుగుతుండాది.

సరిగ్గా కనబడలేదు నాకు. దడి ఒత్తుగా ఉండాది. ముసలామె మంత్రం చదువుతుంది, అది మాత్రం విన్నాను.

దారం కొనడం మరిచిపోయి వచ్చినాను.

డిసెంబరు 6, శుక్రవారం

హెబ్రోను వచ్చినాడు. చలిగాలికి శాలువా కప్పుకొని మిషను ముందు కూర్చోనుండా. గుంట సంగతి అడిగినాను. సున్నం చల్లి ఆరబెట్టినాడంట. పక్క మూడు గుంటలకూ వచ్చిందంట అదే రోగం, కాలవ నీళ్ళతో.

"పక్క గుంటలోళ్ళు గ్యాంగ్‌టాక్ రాలేదు గదక్కా" అన్నాడు.

నేను మిషను తొక్కినాను.

"లిల్లీ ఇంటికి పోయినా. నాకు చెప్పింది. నెల్లూరు ఆస్పత్రిలో చేతి కసరత్తుకని రబ్బరు బంతి ఇచ్చినారంట. ముసలామె విసిరి కొట్టింది, నేనేమన్నా చంటిబిడ్డనా అని. ఐదు నెలలు చెయ్యి కదపలేదు. ఆడ లాల్ బజారులో మెట్ల మీద ఒక అవ్వ అదేపనిగా చక్రం తిప్పుతుంటే లిల్లీ నలభై నిమిషాలు నిలబడి చూసిందంట. ఈ పని అయితే మా అత్త చేస్తుంది అనుకుందంట. ఎప్పుడూ జపమాల తిప్పే మనిషి గదా ఆమె."

"దాంట్లో వాళ్ళ మంత్రాలు ఉండాయి."

"ఉండాయి. ముసలామె గోవిందా అని తిప్పుతుంది, నేను అబద్ధం చెప్పను. ఆమె నోరు ఆమెది. లిల్లీ నోరు లెక్కపెడుతుంది, అంతే. నిన్న ఎడమ చెయ్యి సాయం లేకుండా ఆ కుడి చేత్తోనే నీళ్ళగ్లాసు పైకి ఎత్తిందక్కా. సగం ఒలకబోసుకుంది. ఇద్దరూ పండగ చేసుకున్నారు."

"అయితే తెచ్చి అందరి ముందు చెప్పమను."

"చెప్పదు. చెప్పాల్సిన పని లేదు ఇంక." తల వంచుకున్నాడు. "వెంకటశేషమ్మే అనిందంట, నా చెయ్యి కోసం నీ గుడి పోగొట్టుకోబాక, ఆరేళ్ళుగా నువ్వు తట్టుకొని నిలబడింది దాని వల్లే, తీసకపోయి వాళ్ళకు ఇచ్చెయ్ అని. ఆదివారం తెస్తుంది. పాస్టర్ గారు షెడ్డు వెనక కొబ్బరిమట్టలు పోగేసుకుంటుండాడు."

నేను సూది గుచ్చుకున్నాను వేలికి.

పోతా పోతా గుమ్మంలో ఆగినాడు. నా శాలువా వైపు చూసినాడు.

"ఆకాను దాచింది ఏంది అక్కా? బంగారం, వెండి. ఇంకోటి ఏందో మరిచినా."

"పైబట్ట" అన్నాను. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"ఆఁ. మంచి పైబట్ట" అన్నాడు. పోయినాడు.

డిసెంబరు 7, శనివారం

రేపు సంఘంలో చెప్పే వర్తమానం రాసుకుందామని కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు.

మత్తయి పద్దెనిమిది తీసినాను. నేను కళ్ళు మూసుకొని చెప్పగలిగిన అధ్యాయం. నీ సహోదరుడు తప్పు చేస్తే, మొదట నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు పోయి మాట్లాడు. వినకపోతే ఇద్దరు సాక్షుల్ని తీసుకొని పో. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మూడు మెట్లు. ఎన్ని ఊళ్ళల్లో చెప్పినానో, వేళ్ళు మడిచి చూపించి. నేను మూడో మెట్టు మీద నుంచి మొదలుపెట్టినాను. కింది రెండూ ఎక్కనే లేదు.

అడిగితే దాచేస్తుందని అడగలేదు అని రాసినాను పైన. అబద్ధం. అడిగితే చెప్పేస్తుందని భయం. చెప్పేస్తే నాకు ఆకాను ఉండడు. గంటసేపు మంటగా మాట్లాడ్డానికి ఏమీ ఉండదు.

ఇంకోటి రాయాల. రాయకుండా పడుకోలేను.

కాయితం చాలింది. చించిన కాయితంలో మూడో వంతు మిగిలింది కూడా. చేతికి తెలిసేటట్టు అట్టముక్క వెతికి తెచ్చింది నేను. లిల్లీ పేరు దాని మీద రాసింది నేను. పాస్టర్ గారికి తొందర ఎక్కువ, చేతికి గట్టిగా తగిలిందే తీస్తాడని తెలుసు నాకు. కొలతలు తీసుకోవడమే నా పని, ఆయన చెయ్యీ కొలిచినాను. దేవుని చెయ్యి అని జనానికి చెప్పినాను.

ప్రభువా. ఆ సంచిలోంచి వచ్చింది లిల్లీ పాపం గాదు.

డిసెంబరు 8, ఆదివారం. పొద్దున ఏడున్నర.

ఆరాధన పదింటికి. లిల్లీకి ఇయ్యడానికి ఈ పొద్దు మళ్ళీ రొట్టె, రసం పెడతారంట. పాస్టర్ గారు మట్టల మీదికి కిరసనాయిలు కూడా తెచ్చి పెట్టినాడంట, సుభాషిణి చెప్పిపోయింది. చూడ్డానికి పల్లెలో అందరూ వస్తారంట. లిల్లీ తొమ్మిదింటికి ఇల్లు వదులుతుంది. ఆ చక్రం అగ్గిలో పడితే ఆ చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడిపోతుంది. ఇంకో బంతి ఇస్తే ఆమె విసిరి కొడుతుంది. కోడలి కోసం చెయ్యి వదులుకునే మనిషి ఆమె. ఆ తగలబెట్టడాన్ని నేను రొట్టె మీద ప్రార్థన చేసి దీవించాల అంట!

ఆరాధన అయినాక పోయి చెప్తానులే అనిపిస్తుంది. పాస్టర్ గారితో ముందు మాట్లాడి, రేపు నెమ్మదిగా, ఆమె కోపం చల్లారినాక. అట్ట అనిపించేది ఎవరి గొంతో నాకు తెలుసు. పదకొండింటికి ఇత్తడి కరగదు, పిడి మాత్రం కాలిపోయి ఉంటుంది. పదకొండింటికి చెప్పే క్షమాపణ ఎవరికి కావాల?

ఎస్తేరమ్మా, జనాన్ని లెమ్మని అరిచే దానివి, నువ్వు లే. చీర మార్చుకోబాక, తల దువ్వుకోబాక. ఎనిమిది లోపల ఆ ఇంటి ముందర నిలబడు. దడి వెనక గాదు, గుమ్మం ముందు. నువ్వూ లిల్లీ ఒంటరిగా ఉన్నప్పుడు, అట్టముక్క సంగతి నీ నోటితో చెప్పు. ఆమె తలుపు మొహాన వేస్తే అరుగు మీద కూర్చో. ఆ చక్రాన్ని ఇల్లు దాటనీయబాక, కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే ముసలామె కాళ్ళు పట్టుకో. పదింటికి సంఘం ముందు నిలబడి నీ పేరు నువ్వే చదువు. ఈ రోజు బల్ల దగ్గరికి రాకూడని మనిషి ఎవరో చెప్పు.

ఈ పుస్తకం చదివే నువ్వు ఎవరైనా సరే, నీకూ అదే చెప్తుండా. ఎవరి మీదైనా మనసులో తీర్పు రాసి పెట్టుకొని ఉంటే, వాళ్ళను ఒక్క మాట అడగకుండా రాసి ఉంటే, ఈ పేజీ ముయ్యి. రేపు అనబాక, ఆరాధన అయినాక అనబాక. ఈ పొద్దే, వాళ్ళు ఇల్లు వదలక ముందే, పో.